చిప్ నిజమే, పేరే దొంగది: పాత ప్రాసెసర్లలో నకిలీని పట్టుకోవడం

పోయినేడు ఆన్‌లైన్‌లో జైలాగ్ కంపెనీ వాళ్ళ పాత జెడ్80 ప్రాసెసర్లు నాలుగు తెప్పించా. మామూలు రకం కాదు, ఒంటి మీద జెడ్84సీ0020పీఈసీ అని రాసున్నవి, అంటే కరెంటు తక్కువ తాగే సీమాస్ రకం, 20 మెగాహెర్ట్జ్ స్పీడు. నల్ల ఫోమ్‌లో గుచ్చి పంపాడు, రాతలైతే పెళ్ళికార్డు మీద అక్షరాల్లా మెరిసిపోతున్నాయి, నాలుగింటి మీదా ఒకటే డేట్ కోడ్, అంటే తయారైన ఏడాదీ వారం చెప్పే అంకెలు. బాగానే ఉన్నాయే అనుకుంటూ తిప్పి చూశా, అక్కడ తేడా కొట్టింది. ఒకదాని పొట్ట మీద రెండు గుండ్రటి గుంటలున్నాయి, ఇంకోదానికి మధ్యలో ఒకటే, మూడోదానికి అసలు లేవు, నాలుగోదానికి మిగతావాటికి లేని దేశం పేరు ఉంది. ఒకే లాట్‌లో ప్లాస్టిక్ పోసే అచ్చు నంబర్లు మారొచ్చు, అది మామూలే, గానీ అచ్చు రూపమే మారదు గదా. ఒకే వారంలో ఒకే ఫ్యాక్టరీలో పుట్టామని చెప్పుకునేవి అన్నదమ్ముల్లా ఉండాలి, ఇవేమో బస్టాండ్‌లో పక్కపక్కన నిలబడ్డ ప్రయాణికుల్లా ఉన్నాయి, చొక్కా మాత్రం ఒకటే యూనిఫామ్.

ఆ నాలుగింటి సంగతి చివర్లో చెప్తా. ముందు పాత ప్రాసెసర్లు సేకరించే ఈ హాబీలోకి కొత్తగా వచ్చేవాళ్ళు చేసే ఒక పెద్ద పొరపాటు గురించి. నకిలీ ప్రాసెసర్ అనగానే ఎక్కడో ఎవడో దొంగ ఫ్యాక్టరీ పెట్టి దొంగ ఇంటెల్ చిప్‌లు తయారుచేస్తున్నాడని ఊహించుకుంటారు. అట్లాంటిది దాదాపు జరగదు. సిలికాన్ చిప్ చేయడం అంటే కారం పొడిలో రంపపు పొట్టు కలపడం కాదు, పదో పరకో సంపాదించడానికి ఫ్యాబ్ (చిప్‌ల ఫ్యాక్టరీ) పెట్టేంత పిచ్చోడు ఎవడూ లేడు. మన చేతికొచ్చే నకిలీ చిప్‌లో ఉన్నది నిజమైన చిప్పే, ఎప్పుడో ఒకప్పుడు ఏదో మంచి కంపెనీలో పుట్టిందే, కాకపోతే దాని పేరు గీకేసి ఇంకొకడి పేరు రాశారు. ఈ ఒక్క ముక్క బుర్రకెక్కితే మిగతాదంతా తేలికవుతుంది, ఎందుకంటే అప్పుడు మనం వెతకాల్సింది "ఇది నిజమా కాదా" అని కాదు, "దీని పేరూ దీని ఒళ్ళూ దీని లోపలి సిలికానూ ముగ్గురూ ఒకే మాట చెప్తున్నారా" అని. ముగ్గురు సాక్షుల్ని విడివిడిగా కూర్చోబెట్టి అడగడమే, ఎవడో ఒకడు తప్పకుండా తడబడతాడు.

(ఈ మాటకి నాకు తెలిసిన ఒక గొప్ప మినహాయింపు 1990ల మధ్యలో వచ్చిన కొన్ని 486 మదర్‌బోర్డులు. వాటి మీద క్యాష్ మెమరీ చిప్‌లని బిగించినవి ఉత్త ప్లాస్టిక్ దిమ్మలు, లోపల సిలికాన్ ముక్క కూడా లేదు, పైన రైట్ బ్యాక్ అని అచ్చేసి ఉండేది, 256 కేబీ క్యాష్ ఉందని చూపించడానికి కంప్యూటర్ ఆన్ కాగానే నడిచే బయాస్ ప్రోగ్రామ్‌నే మార్చేశారు. పైన పటారం లోన లొటారం అనే సామెత ఆ బోర్డుల కోసమే పుట్టిందేమో. ఆ రోజుల్లో అసెంబుల్డ్ సిస్టమ్ కొన్న ఏ ఇంట్లోనైనా ఒకటి ఉండి ఉండొచ్చు.)

ఇవెక్కడి నుంచి వస్తాయి

పాత కంప్యూటర్లు, టెలిఫోన్ ఎక్స్ఛేంజ్ బోర్డులు, ఫ్యాక్టరీ మెషీన్ల కంట్రోలర్లు స్క్రాప్‌కి వెళ్తాయి. చైనాలో గ్వాంగ్‌డాంగ్ రాష్ట్రంలో గుయియు అనే ఊరు ఏళ్ళ తరబడి ఈ పనికి పేరుమోసింది, మన దగ్గర ఢిల్లీ సీలంపూర్ అట్లాంటిదే. బోర్డుని మంట మీద వేడి చేసి చిప్‌లు రాల్చుతారు, కడుగుతారు, కాళ్ళు సాపు చేస్తారు, సైజుని బట్టి కుప్పలు పోస్తారు. 40 కాళ్ళ నల్ల ప్లాస్టిక్ చిప్‌లన్నీ ఒక కుప్ప. తర్వాత ఎవడో బ్రోకర్‌కి ఆర్డర్ వస్తుంది, ఫలానా నంబర్ చిప్ ఐదొందలు కావాలని. కుప్పలోంచి ఐదొందలు తీసి పైపొర గీకి నల్లరంగు పూసి ఆ నంబర్ కొట్టి పంపిస్తాడు. వాడికి కలెక్టర్ అంటే ఎవరో కూడా తెలియదు, పాత మెషీన్ రిపేర్ చేసుకునేవాళ్ళ కోసం నడిచే దందా ఇది, మనం మధ్యలో పోయి ఇరుక్కుంటాం. అందుకే "ఇంత చవక చిప్‌కి ఎవడు నకిలీ చేస్తాడులే" అనే లాజిక్ పనిచెయ్యదు. అమెరికా సెనేట్ ఆర్మ్‌డ్ సర్వీసెస్ కమిటీ 2012లో ఇచ్చిన రిపోర్టులో మిలిటరీ సరఫరాలోనే దాదాపు 1,800 కేసులు, పది లక్షలకు పైగా అనుమానాస్పద భాగాలు బయటపడ్డాయని రాశారు, అందులో 70 శాతం పైన చైనా నుంచే వచ్చాయి. విమానాల్లో వాడేవాటికే దిక్కులేనప్పుడు మన జెడ్80 ఎంత.

రెండో రకం నకిలీ ఉంది, ఇది అచ్చంగా మనలాంటివాళ్ళనే మోసం చెయ్యడానికి పుట్టింది. తెల్ల సెరామిక్ మీద బంగారు మూత ఉన్న ఇంటెల్ మొదటి ప్రాసెసర్ సి4004 లాంటివి, అమ్మకానికి ముందు పరీక్షల కోసం చేసే ఇంజినీరింగ్ శాంపిళ్ళు, పెంటియం లెక్క తప్పిన మోడళ్ళు, ఇవి. వీటిలో పనితనం ఎక్కువ, సంఖ్య తక్కువ.

మూడోది కాస్త విచిత్రం. 1990లలో పెంటియం 133ని గీకి 166 అని రాసి కొత్తదిగానే అమ్మేవాళ్ళు, తర్వాత్తర్వాత ఇంటెల్ చిప్ స్పీడు నిర్ణయించే మల్టిప్లయర్‌ని లాక్ చెయ్యడానికి ఈ దందా కూడా ఒక కారణం. ఆ నకిలీలకి ఇప్పుడు ముప్పై ఏళ్ళు, అవే ఇప్పుడు పాత వస్తువులు. ఒంటి మీద వయసు నిజం, మురికి నిజం, పేరొక్కటే అబద్ధం, కాబట్టి "పాతగా కనపడుతోంది గదా" అని వీటి దగ్గర మోసపోవడం చాలా ఈజీ. ఇట్లాంటివి కావాలని సేకరించేవాళ్ళు కూడా ఉన్నారు, నాకూ ఒకటుంది.

మొదటి సాక్షి, రాత

చిప్ మీద రాసింది చదవడం రావాలి, అది జాతకం చదివినట్టే, ప్రతి అక్షరానికీ అర్థం ఉంటుంది. ఇంటెల్ పాత చిప్‌లలో నంబర్ ముందుండే అక్షరం ప్యాకేజీ చెప్తుంది, సి అంటే సెరామిక్, బంగారం రంగు కాళ్ళు పక్కల నుంచి అతికించి ఉండేది, డి అంటే రెండు సెరామిక్ పలకల మధ్య గాజుతో మూసిన ముదురు రంగు సెర్‌డిప్, పి అంటే ప్లాస్టిక్. ప్లాస్టిక్ ఒళ్ళు మీద సి8080ఏ అని ఉందంటే ఇంక భూతద్దం తియ్యక్కర్లేదు. మోటరోలా లెక్క వేరు, జైలాగ్ లెక్క వేరు, కొనే ముందు ఆ కంపెనీ పాత డేటాషీట్ చివరి పేజీల్లో ఆర్డరింగ్ ఇన్ఫర్మేషన్ చూసుకుంటే చాలు. నా జెడ్84సీ0020పీఈసీలో పి ప్లాస్టిక్, ఈ అంటే ఎక్కువ వేడీ చలీ తట్టుకునే రకం. చివర సీ బదులు జీ ఉంటే సీసం లేని కాళ్ళు అని అర్థం, సీసం మీద యూరప్ నిషేధం అమల్లోకి వచ్చింది 2006 జులైలో, మరి జీ అక్షరం పెట్టుకుని 1994 డేట్ కోడ్ మోసుకొస్తే దాన్నేమనాలి.

డేట్ కోడ్ సాధారణంగా నాలుగంకెలు, మొదటి రెండూ సంవత్సరం, తర్వాతి రెండూ వారం. 8523 అంటే 1985లో 23వ వారం. వారం 53 దాటి కనపడితే నవ్వుకుని వదిలెయ్యండి. ఇంటెల్ చిప్‌ల మీద చాలాసార్లు ఇది నేరుగా ఉండదు, ఒక పొడవాటి లాట్ నంబర్ ఉంటుంది, అందులో మొదట ఫ్యాక్టరీ అక్షరం, తర్వాత సంవత్సరంలో ఆఖరి అంకె, ఆ తర్వాత రెండంకెల వారం. దశాబ్దం ఏదో మనమే ఊహించుకోవాలి.

ఇక్కడ అందరూ బోల్తా పడే చోటు కాపీరైట్ సంవత్సరం. 8088 చిప్ మీద ఇంటెల్ 1978 అని కాపీరైట్ గుర్తుతో ఉంటుంది, అమ్మేవాడు దాన్ని చూపించి "1978 మోడల్ సార్, మొదటి బ్యాచ్" అంటాడు. అసలు 8088 బయటకొచ్చిందే 1979లో. ఆ 1978 డిజైన్ హక్కు పుట్టిన ఏడాది, చిప్ పుట్టిన ఏడాది కాదు, 1980లలో తయారైన చిప్‌ల మీద కూడా అదే ఉంటుంది. ఇది నకిలీ కాదు, అమ్మేవాడి అజ్ఞానమో అతితెలివో, మన జేబుకి మాత్రం రెండూ ఒకటే.

దీనికి తోడు నాకు బాగా ఇష్టమైన క్లూ ఒకటుంది, గుండ్రటి వృత్తంలో ఎం అక్షరం. అమెరికాలో 1984లో చిప్ డిజైన్లకి విడిగా రక్షణ ఇస్తూ ఒక చట్టం తెచ్చారు, మాస్క్ వర్క్ (చిప్ లోపలి గీతల నమూనా) అని చెప్పుకోవడానికి ఆ గుర్తు అప్పుడు వచ్చింది. కాబట్టి 1981 డేట్ కోడ్ ఉన్న చిప్ మీద వృత్తంలో ఎం కనపడితే, అది తాత పెళ్ళి ఫొటోలో చేతిలో సెల్‌ఫోన్ ఉన్నట్టు.

ఒక్క అక్షరం తేడాతో రేటు మారిపోయేవి ఉంటాయి, వాటి దగ్గర ఇంకాస్త ఒళ్ళు దగ్గర పెట్టుకోవాలి. 1974లో వచ్చిన మొదటి 8080కి బయటి చిప్‌లని నడిపే బలం తక్కువ, అది సరిచేసి 8080ఏ తెచ్చారు, అందుకని ఏ లేని సి8080 అరుదు. మరి సి8080ఏ మీద ఏ ఒక్కటి చెరిపేస్తే? ఇట్లాంటివి చూసేటప్పుడు నేను అక్షరాలు మధ్యకి సర్ది ఉన్నాయా, కుడివైపు ఖాళీ కాస్త ఎక్కువుందా, ఆ ఖాళీలో సెరామిక్ మెరుపు మారిందా అని టార్చ్‌లైటు పక్క నుంచి కొట్టి చూస్తా. దీనికి రివర్స్ కేసు 80386. 1985లో వచ్చాక 1987 ప్రాంతంలో మొదటి చిప్‌లలో 32 బిట్ల గుణకారం కొన్నిట్లో తప్పుతోందని తేలింది, టెస్ట్ పాసైనవాటి మీద రెండు సిగ్మా గుర్తులు కొట్టారు, ఫెయిలైనవాటి మీద 16 బిట్ సాఫ్ట్‌వేర్‌కి మాత్రమే అనే అర్థం వచ్చేట్టు అచ్చేసి అవి కూడా వాడేశారు. ఇప్పుడు రెండు రకాలకీ గిరాకీనే. ఇక్కడ చెరపడం కాదు, చేర్చడం, కాబట్టి ఆ సిగ్మాల అచ్చునీ పక్కనున్న నంబర్ల అచ్చునీ పోల్చి అరుగుదల ఒకేలా ఉందో లేదో చూడాలి.

రెండో సాక్షి, ఒళ్ళు

వాచీ రిపేరువాళ్ళు కంట్లో ఇరికించుకునే భూతద్దం ఒకటి కొనుక్కోండి, పదింతలు పెంచి చూపించేది చాలు. ప్లాస్టిక్ చిప్‌ని అచ్చులో పోస్తారు కాబట్టి పైనా కిందా పక్కలా గరుకుదనం ఒకే తీరుగా ఉండాలి. పైన మాత్రమే సిల్కులా నున్నగా ఉండి పక్కలు గరుకుగా ఉంటే పైపొర పూసినట్టు. పూతని కనిపెట్టే ఇంకో చోటు ఒకటో నంబర్ కాలు దగ్గరుండే గుంట. అచ్చులో ఏర్పడిన గుంట అంచు పదునుగా, అడుగు శుభ్రంగా ఉంటుంది, గీకిన చిప్‌లో లోతు తగ్గిపోతుంది, పూసిన చిప్‌లో అడుగున రంగు పేరుకుని కాటుక భరిణెలా ఉంటుంది. కొన్నిట్లో సాండ్ పేపర్ గీతలు అన్నీ ఒకే దిక్కుకి పోతూ అంచు దగ్గర ఠక్కున తెగిపోతాయి.

ఇక అసిటోన్. ఇయర్ బడ్‌కి నెయిల్ పాలిష్ రిమూవర్ అద్ది రుద్దితే నల్లగా వచ్చేసిందంటే పట్టుబడినట్టే అని అందరూ చెప్తారు. నిజమే, నా నాలుగింట్లో మూడింటికి దూది నల్లబడింది, కింద గీతలు బయటపడ్డాయి. అయితే రెండు జాగ్రత్తలు. పాత చిప్‌ల మీద సిరా అచ్చు అసలుదే అయినా అసిటోన్‌కి కొట్టుకుపోవచ్చు, చేతిలో ఉన్న నిజమైన చిప్‌ని మనమే పేరు లేని చిప్ చేసుకుంటాం, అందుకే అక్షరాల జోలికి పోకుండా ఒక మూల మాత్రమే రుద్దాలి. రెండోది, ఈ మధ్య పూతలు గట్టివి వస్తున్నాయి, అసిటోన్‌కి చలించవు, నాలుగోదానికి దూది తెల్లగానే ఉంది మరి. అసిటోన్ ఫెయిల్ చేస్తే నకిలీ, పాస్ చేస్తే ఏమీ తేలనట్టు, అంతే.

కాళ్ళ సంగతి కూడా చూడండి కానీ తీర్పు చెప్పొద్దు. కొత్తగా తగరం పూసి తళతళలాడే కాళ్ళు, కాలు భుజం దగ్గర సోల్డర్ మరక, వంగి సాపు చేసిన ఆనవాలు, ఇవన్నీ చిప్ ఒకసారి బోర్డులో కాపురం చేసొచ్చిందని చెప్తాయి. వాడిన చిప్ అంటే నకిలీ చిప్ కాదు. "కొత్తది, ఎప్పుడూ వాడలేదు" అని అమ్మినప్పుడు మాత్రమే అది అబద్ధం.

తెల్ల సెరామిక్ విషయం వేరు. అక్కడ గీకి పూయడం కష్టం, అందుకని వేషం ఇంకో రకంగా వేస్తారు. 4004 తీసుకోండి, 1971 నవంబర్‌లో వచ్చింది, 2,300 ట్రాన్సిస్టర్లు, 16 కాళ్ళు, ఫెడెరికో ఫాజిన్, టెడ్ హాఫ్, స్టాన్ మేజర్, జపాన్ కాలిక్యులేటర్ కంపెనీ బిజికామ్ నుంచి మసతోషి షిమా, వీళ్ళ చేతుల మీదుగా పుట్టింది. 16 కాళ్ళ తెల్ల సెరామిక్ చిప్‌లు ఆ కాలంలో ఎన్నో రకాలు వచ్చాయి, మామూలు లాజిక్ చిప్‌లు కూడా, దాని మీద అచ్చు చెరిపి సి4004 అని కొడితే చూడ్డానికి మురిపెంగానే ఉంటుంది. సిలికాన్ మీద ఫాజిన్ తన పొడి అక్షరాలు రెండు ఎఫ్‌లు చెక్కుకున్నాడు, అవి చూస్తే తిరుగులేదు, గానీ చూడాలంటే బంగారు మూత పీకాలి, పీకితే చిప్ విలువ పాయె. కంసాలి గీటురాయి మీద గీసినట్టు కాస్త గీసి చూసే వీలు ఇక్కడ లేదు.

మూడో సాక్షి, సిలికాన్

మూత తియ్యకుండా లోపలివాడితో మాట్లాడే దారి ఒకటుంది, మామూలు మల్టీమీటర్. చాలామంది ఇది వదిలేసి మైక్రోస్కోపుల వెంట పడతారు, నాకైతే కరెంటు ఏ దిక్కుకి పోతుందో చూపించే మల్టీమీటర్ డయోడ్ మోడ్ కంటే చవకైన లై డిటెక్టర్ తెలియదు. ప్రతి ప్రాసెసర్‌కీ కరెంటు వచ్చే కాలూ గ్రౌండ్ కాలూ ఎక్కడుండాలో డేటాషీట్‌లో రాసుంటుంది, పేరు మార్చగలరు గానీ కాళ్ళ వరస మార్చలేరు. 40 కాళ్ళ చిప్‌లలో చాలావాటికి గ్రౌండ్ 20లో, ఐదు వోల్టులు 40లో. జెడ్80 అట్లా కాదు, దానికి ఐదు వోల్టులు 11లో, గ్రౌండ్ 29లో. ఎర్ర ప్రోబ్ గ్రౌండ్ మీద, నల్ల ప్రోబ్ వేరే కాలి మీద పెడితే మామూలుగా అర వోల్టు పైచిలుకు చూపించాలి, ఒక్కో కాలూ తడుముకుంటూ పోతే ఏది గ్రౌండో చిప్పే చెప్పేస్తుంది. 4004కి కూడా ఇది పనికొస్తుంది, మామూలు 16 కాళ్ళ లాజిక్ చిప్‌కి గ్రౌండ్ 8, కరెంటు 16, 4004కేమో 5, 12, పైగా అది పీమాస్ అనే ఇంకా పాత తయారీ రకం కాబట్టి డయోడ్ దిక్కు కూడా తిరగబడి ఉంటుంది. స్టాటిక్ కరెంటు తగలకుండా చేతికి గ్రౌండింగ్ పట్టీ కట్టుకోండి, అంత పాత చిప్‌లకి చలికాలం పొడి గాలి కూడా గండమే.

6502 అనే ఇంకో పాత ప్రాసెసర్‌లో ఇంకా సింపుల్. పాత 6502కి ఒకటో కాలూ 21వ కాలూ రెండూ గ్రౌండే, లోపల కలిసే ఉంటాయి, బీప్ మోడ్‌లో పెడితే కూస్తుంది. డబ్ల్యూడీసీ (వెస్టర్న్ డిజైన్ సెంటర్) వాళ్ళు ఇప్పుడు చేసే డబ్ల్యూ65సీ02ఎస్‌లో ఒకటో కాలు వేరే పనికి వాడుకున్నారు. కాబట్టి డబ్ల్యూ65సీ02ఎస్ అని రాసుండి రెండు కాళ్ళ మధ్యా బీప్ వచ్చిందంటే అది ఇంకోటి.

చిప్‌ని బోర్డులో పెట్టి నడపగలిగితే మాత్రం ఇంక అబద్ధానికి చోటే ఉండదు, ఎందుకంటే ప్రతి డిజైన్‌కీ పుట్టుమచ్చలుంటాయి. జెడ్80కి డేటాషీట్‌లో లేని ఇన్‌స్ట్రక్షన్ ఒకటుంది, ఈడీ 71, పోర్టుకి సున్నా పంపేది. పాత ఎన్‌మాస్ చిప్ (సీమాస్‌కి ముందటి, కరెంటు ఎక్కువ తాగే రకం) నిజంగానే సున్నా పంపిస్తుంది, సీమాస్ చిప్ అదే చోట ఎఫ్‌ఎఫ్, అంటే హెక్స్‌లో 255 పంపిస్తుంది. రెండు బైట్ల ప్రశ్న, సూటిగా జవాబు. పాత 6502లో ఇండైరెక్ట్ జంప్ ఒక పేజీ (256 బైట్ల మెమరీ ముక్క) చివరి బైట్ దగ్గర తర్వాతి పేజీకి పోకుండా అదే పేజీ మొదటికి తిరిగొచ్చే బగ్ ఉంది, 65సీ02లో సరిచేశారు. 8088 బదులు వాడే ఎన్‌ఈసీ వీ20లో ఏఏడీ ఇన్‌స్ట్రక్షన్‌కి ఏ అంకె ఇచ్చినా పట్టించుకోకుండా 10నే వాడుతుంది, 8088 అయితే ఇచ్చిన అంకె వాడుతుంది. ఎవరో చేసిన పొరపాటే వాళ్ళ సంతకం అయిపోయింది చూడండి.

పాత అమిగా కంప్యూటర్లు వాడేవాళ్ళకి మోటరోలా 68060 పెద్ద తలనొప్పి. పూర్తి 68060లో దశాంశాల లెక్కలు చేసే యూనిట్ ఉంటుంది, ఎల్‌సీ రకంలో ఉండదు, ఈసీ రకంలో అదీ మెమరీ మేనేజ్‌మెంటూ రెండూ ఉండవు, రేట్లలో తేడా బాగా ఎక్కువ, కాబట్టి చవక రకం మీద పెద్ద పేరు కొట్టేస్తారు. కానీ పీసీఆర్ అనే రిజిస్టర్ చదివితే పై సగంలో పూర్తి చిప్ 0430 అంటుంది, మిగతా రెండు రకాలూ 0431 అంటాయి. పైన ఎంత అందంగా రాసినా లోపలి ఆ ఒక్క అంకె మార్చలేడు.

పెంటియం భాగహారం బగ్ కథ అందరికీ తెలిసిందే, 1994లో థామస్ నైస్లీ అనే గణితం ప్రొఫెసర్ బయటపెట్టాడు, ఇంటెల్ 47.5 కోట్ల డాలర్లు పక్కన పెట్టాల్సొచ్చింది. ఇప్పుడు విడ్డూరం ఏంటంటే ఆ తప్పు చిప్‌కే రేటెక్కువ, పాత పెంటియం ఏదైనా సరే బగ్ ఉన్నదే అని అమ్మేస్తున్నారు. 41,95,835ని 31,45,727తో భాగించి మళ్ళీ అదే సంఖ్యతో గుణించి మొదటి సంఖ్యలోంచి తీసెయ్యండి, సున్నా వస్తే మంచి చిప్, అంటే మనకి పనికిరానిది, 256 వస్తే పండగ చేసుకోవచ్చు. కొనేముందు అమ్మేవాణ్ణి స్క్రీన్ మీద ఈ లెక్క చేసి ఫొటో పెట్టమని అడగడంలో తప్పేం లేదు.

స్పీడు పరీక్ష మీద మాత్రం ఎక్కువ నమ్మకం పెట్టుకోవద్దు. 4 మెగాహెర్ట్జ్ చిప్ చల్లటి గదిలో 6 దగ్గరా పరిగెత్తొచ్చు, పరిగెత్తిందని అది 6 రకం అయిపోదు. కరెంటు కొలవడం దీనికన్నా మేలు, ఎన్‌మాస్ జెడ్80 పని లేకపోయినా వంద మిల్లీయాంప్స్ చుట్టుపక్కల తాగేస్తూ వేలికి గోరువెచ్చగా తగుల్తుంది, సీమాస్ 4 మెగాహెర్ట్జ్ దగ్గర అందులో చిన్న వంతే తీసుకుంటుంది, చల్లగా ఉంటుంది.

నకిలీ కానివి

ఇన్ని చెప్పాక ప్రతిదాన్నీ దొంగలా చూసే జబ్బు పట్టుకుంటుంది, నాకూ పట్టింది, ఏఎమ్‌డీ పేరున్న 8088 మీద కింద ఇంటెల్ 1978 కాపీరైట్ చూసి ఇదేదో ఫ్రాడ్ అని వెనక్కి పంపబోయా. ఏఎమ్‌డీ ఆ చిప్‌ని ఇంటెల్ లైసెన్స్‌తోనే చేసింది, రెండు పేర్లూ ఉండటమే కరెక్టు. ఆ కాలంలో పెద్ద కస్టమర్లు ఒకే కంపెనీ మీద ఆధారపడటానికి ఒప్పుకునేవాళ్ళు కాదు కాబట్టి ఒకే డిజైన్‌ని నలుగురు చేసేవాళ్ళు. జెడ్80ని మాస్టెక్ ఎంకే3880 అని, షార్ప్ ఎల్‌హెచ్0080 అని చేసింది, 6502ని సైనర్‌టెక్, రాక్‌వెల్ చేశాయి, 4004ని కూడా నేషనల్ సెమీకండక్టర్ ఐఎన్‌ఎస్4004 పేరుతో చేసింది. ఎన్‌ఈసీ 780, తూర్పు జర్మనీ యూ880 అయితే లైసెన్స్ లేకుండా చేసిన జెడ్80 కాపీలు, కానీ తమ పేరుతోనే బయటకొచ్చాయి, కాబట్టి కలెక్టర్ లెక్కలో అవి నకిలీ కావు, వాటికి వేరే గౌరవం ఉంది. సోవియట్ చిప్‌లు మాత్రం ఒక కొలతతో పట్టిస్తాయి, వాళ్ళు అంగుళం లెక్క వదిలేసి కాళ్ళ మధ్య 2.5 మిల్లీమీటర్లు పెట్టారు, మిగతా ప్రపంచం 2.54. 8080కి కాపీ అయిన కేఆర్580వీఎం80ఏలో ఒక వరసకి 20 కాళ్ళు, 19 సందులు, మొత్తమ్మీద ముప్పావు మిల్లీమీటరు పొట్టి. వెర్నియర్ కాలిపర్ ఉంటే చాలు, రష్యన్ రావక్కర్లేదు.

కొనే దగ్గర నా పద్ధతి చెప్తా. ఫొటోలో పైభాగం ఒక్కటే పెట్టినవాడి దగ్గర కొనను, పొట్ట ఫొటో అడుగుతా, పక్కన కాగితం మీద ఇవాళ్టి తేదీ రాసి పెట్టమంటా. ఇంజినీరింగ్ శాంపిల్ అంటే ఇంకా వెనకాడతా, ఇంటెల్ లెక్క ప్రకారం ఆ శాంపిళ్ళు అసలు అమ్మకానికి ఇచ్చినవే కాదు, కంపెనీ ఆస్తి, పైగా లేజర్ మెషీన్ చవకయ్యాక కాన్ఫిడెన్షియల్ అని చెక్కడం చిన్నపిల్లల పని. విడి చిప్ కంటే బోర్డుతో సహా కొనడం ఎప్పుడూ మంచిది, ముప్పై ఏళ్ళ దుమ్ము పట్టిన బోర్డుని ఫేక్ చెయ్యాలంటే చిప్ ఖరీదు కంటే శ్రమ ఖరీదెక్కువ. అందుకే కోఠి గుజరాతీ గల్లీకి వెళ్ళినా, సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ మార్కెట్‌కి వెళ్ళినా నేను ఐసీలు అడగను, "అన్నా, పాత బోర్డులేమైనా ఉన్నాయా" అని అడుగుతా. కిలో లెక్కన తూచి ఇస్తారు, తొంభై శాతం పనికిరానిదే, మిగిలిన పది శాతంలో ఉన్నది మాత్రం నిఖార్సు.

సరే, నా నాలుగు జెడ్84సీ0020లు. మొదటి రెండిటికీ ఈడీ 71 ఇస్తే సున్నా పలికాయి, వేలు పెడితే వెచ్చగా ఉన్నాయి, పాత ఎన్‌మాస్ రకమే. మూడోది ఎఫ్‌ఎఫ్ అంది, అంటే సీమాసే, 8 మెగాహెర్ట్జ్ దగ్గర గంటలకొద్దీ నడిచింది, 20కి పెంచితే ఠపీమని ఆగిపోయింది, అదే ఇంట్లో తక్కువ స్పీడు తమ్ముడు. అసిటోన్‌కి లొంగని నాలుగోది అసలు పలకలేదు. మల్టీమీటర్ పెట్టి తడిమితే 29 దగ్గర కాదు, 20 దగ్గర గ్రౌండ్ తేలింది, 40లో కరెంటు కాలు. అంటే జెడ్80 వంశమే కాదు. ఆ వరసలో నా దగ్గర టెస్ట్ చెయ్యడానికున్నది ఒక్కటే, ఒక ఇంజినీరింగ్ కాలేజీ ల్యాబ్ స్క్రాప్‌లో దొరికిన 8085 ట్రైనర్ కిట్, మనలో ఈసీఈ, సీఎస్ఈ చదివినవాళ్ళంతా హెక్స్ కోడ్లు కొట్టి కొట్టి వేళ్ళు అరగదీసుకున్నామే, ఆ కిట్. పోతే పోయిందిలే అని దాని సాకెట్‌లో ఉన్నది పీకి ఇది గుచ్చి స్విచ్ వేశా. రీసెట్ నొక్కగానే ఎర్ర అంకెల డిస్‌ప్లే మీద కిట్ పలకరింపు వెలిగింది. ల్యాబ్ రికార్డులో మొదటి ప్రోగ్రామ్, రెండు అంకెల కూడిక కొట్టి చూశా, 05 కీ 03 కీ 08 అని చెప్పింది. ఒంటి మీద మాత్రం ఇప్పటికీ జైలాగ్ అనే ఉంది.